ఆఫ్రికా సంకర తేనెటీగా, ఐరోపా తేనెటీగా: పెంచడానికి ఏది మేలు?

చూపుకి రెండూ ఒకటే. సంకర ఈగ ఓ పిసరు చిన్నది, అది కంటికి ఆనదు. తేల్చాలంటే రెక్కలు కొలవాలి, లేదా డీఎన్‌ఏ పరీక్ష చేయాలి. విషం కూడా దాదాపు సమానమే, ఒక్క ఈగ కుడితే ఏదో చెప్పలేం. తేడా అంతా గుంపు తీరులో ఉంది. తేనెపట్టు కదిలిస్తే ఐరోపావి కొన్ని వచ్చి, కాస్త దూరం తరిమి వెనక్కి పోతాయి. సంకర ఈగలు వందల్లో లేస్తాయి, నాలుగైదు వందల మీటర్ల దాకా కూడా వదలవు. ప్రాణం తీసేది విషం ఘాటు కాదు, కాట్ల లెక్క.

ఈ సంకరం బ్రెజిల్‌లో పుట్టింది. ఐరోపా ఈగలకు అక్కడి వేడి పడక తేనె సరిగా రావడం లేదని, 1956లో జన్యుశాస్త్రవేత్త వార్విక్ కెర్ ఆఫ్రికా నుంచి రాణి ఈగలను తెప్పించాడు. మరుసటేడు రియో క్లారో దగ్గర, రాణులు దాటకుండా పెట్టిన జాలీలు ఎవరో తీసేయడంతో 26 గుంపులు ఎగిరిపోయి, అక్కడి ఐరోపా ఈగలతో జతకట్టాయి. ఆ సంకర ఈగలు 1990కి టెక్సస్ చేరాయి.

ఐరోపా ఈగ చలికాలానికి తేనె దాచుకుంటుంది, మనిషి తీసుకునేది ఆ నిల్వే. సంకర ఈగ తిండిని పిల్లల మీద పెట్టి, మాటిమాటికీ గుంపులుగా విడిపోతుంది. మేత కరువైతే పట్టు మొత్తం వదిలేసి పోతుంది, పెంచేవాడికి ఖాళీ పెట్టె మిగులుతుంది. గట్టి చలికి నిలవదు కూడా.

అయినా బ్రెజిల్ రైతు దీన్ని వదలడు, నా ఉద్దేశంలో అదే సరి. మందమైన దుస్తులు, పెద్ద పొగడబ్బాలు వాడుతూ, ఇళ్లకూ పశువులకూ దూరంగా పెట్టెలు పెట్టడం నేర్చుకున్నారు. పైగా తేనెటీగలను పట్టి పీడించే వరోవా పురుగు సోకినా అక్కడి సంకర ఈగలు మందుల్లేకుండా నెట్టుకొస్తాయి. ఐరోపా ఈగకు చాలాచోట్ల మందు వేయక తప్పదు. బ్రెజిల్ సేంద్రియ తేనె ఎగుమతికి ఇదో ఆసరా. ప్యూర్టో రికోలోనైతే ఇదే సంకరం నెమ్మది గుణంతో స్థిరపడింది.

టెక్సస్‌లో పెరట్లో పెంచాలనుకునే మనవాళ్లకు మాత్రం ఐరోపా ఈగే. పక్కిల్లు పది అడుగుల్లో ఉంటుంది మరి. అదీ పట్టుకొచ్చిన గుంపు కాదు, నమ్మకమైన చోట కొన్న రాణి. పెట్టెలోనే కొత్త రాణి పుడితే అది బయటికెళ్లి సంకర మగ ఈగలతో జతకట్టి రావచ్చు, అప్పుడు దాని పిల్లలు సంకరమవుతాయి. గుంపు కోపం పెరిగిందనిపిస్తే వెంటనే రాణిని మార్చేయాలి.