ఎండకి ఇనుము కరిగే ఊళ్లు

ఫ్రాన్స్ వెళ్లి పారిస్ చూడకుండా వచ్చామంటే ఇంట్లో ఇప్పటికీ నమ్మరు. మేం వెళ్లింది స్పెయిన్ సరిహద్దులో ఉన్న పిరనీస్ కొండలకి. ఎండని పనికి పెట్టిన పాత ప్రయోగాలు చూద్దామని మూడు రోజులు అక్కడే ఉన్నాం.

విల్‌ఫ్రాంష్‌లో పసుపు రంగు చిన్న రైలెక్కాం. 1910 నాటి లైను. కరెంటు పైన తీగల్లోంచి కాదు, పట్టాల పక్కనున్న మూడో పట్టాలోంచి వస్తుంది. ఆ కరెంటు కోసమే అప్పట్లో కొండ మీద డ్యామ్ కట్టారు. రైలు నత్తలా నడుస్తుంది. అయినా ఆ లోయల మీద వంతెనలు దాటుతుంటే తొందరపడాలని ఎవరికుంటుంది?

ఫోంరోమూలో బస. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి కొండలు కనిపిస్తాయి. కానీ రిసెప్షన్ సాయంత్రం ఏడింటికే మూసేశారు. తలుపు కోడ్ మెయిల్లో పంపామన్నారు, మాకు రాలేదు. అరగంట చలిలో సూట్‌కేసుల మీద కూర్చున్నాం. పొద్దున కనీసం సారీ కూడా చెప్పలేదు.

దగ్గర్లోనే ఒదెయ్యో సౌర కొలిమి. ఎనిమిది అంతస్తుల పైన ఎత్తున్న పుటాకార అద్దం, తీరా చూస్తే ఉత్తరానికి తిరిగి ఉంది! ఎదురుగా వాలు మీదున్న 63 బల్లపరుపు అద్దాలు సూర్యుడితోపాటు తిరుగుతూ ఎండని దీని మీదికి కొడతాయి. ఇది దాన్ని ఒక్కచోటికి చేరిస్తే వేడి 3,000 డిగ్రీలు దాటుతుంది. పెద్ద అద్దంలో కొండలు తలకిందులుగా కనిపిస్తాయి. ఫొటోకి బ్రహ్మాండం. కానీ ఇది పరిశోధన కేంద్రం, అసలు పని మన కళ్ల ముందు జరగదు.

దారిలో తెమిస్ టవర్ కనిపించింది. ఎండతో కరెంటు తీద్దామని 1983లో మొదలుపెట్టి 1986లోనే ఆపేశారు. కారు దిగలేదు.

నాకు నచ్చింది మోంలూయీ. పాత కోట గోడల మధ్య ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫెలిక్స్ త్రోంబ్ 1949లో కట్టించిన సౌర కొలిమి. ఒదెయ్యోకి అన్నలాంటిది, సైజులో మాత్రం తమ్ముడే. గైడ్ చెక్కముక్క పెట్టింది, భగ్గుమంది. తర్వాత ఇనుప రేకు పెట్టింది. చుక్కలుగా కారడం మొదలయ్యేసరికి మా ఆయన వీడియో తీయడం మర్చిపోయి నోరు తెరిచి నిలబడ్డారు. ఒక్కచోటికే టైముంటే ఇక్కడికే వెళ్లండి.

పొద్దున్నే వెళ్లండి. మొదటి రోజు మేం మధ్యాహ్నం వెళ్తే మబ్బు పట్టింది, కొలిమి వెలగలేదు.