కఖా కలాద్జే, గురామ్ కషియా: జార్జియా డిఫెండర్లు నడిచిన రెండు దారులు

జార్జియా ఫుట్‌బాల్‌లో డిఫెండర్ల ప్రస్తావన రాగానే ముందుగా వినిపించే పేరు కఖా కలాద్జేదే. డైనమో తిబిలిసిలో మొదలై, 1998లో డైనమో కీవ్‌కు వెళ్లి, అక్కడి నుంచి 2001లో ఇటలీ క్లబ్ ఏసీ మిలాన్‌లో చేరిన ఆయన, 2003లోనూ 2007లోనూ యూరప్ క్లబ్‌ల అత్యున్నత టోర్నీ అయిన ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జట్లలో సభ్యుడు. 2003 ఫైనల్లో యువెంటస్‌పై ఆయన కొట్టిన పెనాల్టీని ఆ జట్టు గోల్‌కీపర్ బుఫాన్ ఆపేసినా మిలాన్ గట్టెక్కింది. జాతీయ జట్టు తరఫున మాత్రం ఆయనకు ఇంతటి అదృష్టం దక్కలేదు. 2009లో తిబిలిసిలో ఇటలీతో జరిగిన మ్యాచ్‌లో రెండు గోల్స్‌నూ ఆయనే సొంత వలలోకి పంపడంతో జార్జియా 0-2తో ఓడింది.

గురామ్ కషియాది ఇందుకు భిన్నమైన ప్రయాణం. ఆయన కూడా డైనమో తిబిలిసి నుంచే బయలుదేరినా, 2010లో నెదర్లాండ్స్‌లోని వితెస్సె వంటి మధ్యస్థాయి క్లబ్‌ను ఎంచుకుని, ఎనిమిదేళ్లు అక్కడే ఉండి, 1892లో పుట్టిన ఆ క్లబ్‌కు 2017లో తొలి డచ్ కప్ తెచ్చిన జట్టులో కెప్టెన్‌గా నిలిచారు. అదే ఏడాది స్వలింగ సంపర్కుల హక్కులకు మద్దతుగా చేతికి ఇంద్రధనుస్సు రంగుల కెప్టెన్ బ్యాండ్ కట్టుకున్నందుకు స్వదేశంలో నిరసనలు ఎదురైనా వెనక్కి తగ్గలేదు. 2024 యూరోలో (యూరప్ దేశాల ఛాంపియన్‌షిప్‌లో), అంటే జార్జియా ఆడిన మొట్టమొదటి పెద్ద టోర్నీలో, పోర్చుగల్‌ను 2-0తో ఓడించిన జట్టుకు నాయకుడూ ఆయనే.

పతకాల లెక్కలో కలాద్జేకు సాటి లేదు. అయితే దేశపు జెర్సీలో సాధించినదే కొలమానమైతే, వంద మ్యాచ్‌లు దాటిన కషియా వైపే నేను మొగ్గుతాను.