9/11 కమిషన్ నివేదిక: తొమ్మిదో అధ్యాయం కోసమైనా కొనండి

అత్యవసర ఫోన్ లైన్‌లో కాల్స్ తీసుకోవడం నా ఉద్యోగం. 2001 సెప్టెంబర్ 11 దాడుల రోజు న్యూయార్క్‌లో అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేసినవాళ్లకి అవతలి నుంచి ఏం చెప్పారో తెలుసుకోవాలని ఈ నివేదిక తెప్పించుకున్నాను.

ఆ దాడుల మీద విచారణకి అమెరికా వేసిన కమిషన్ ఇది. థామస్ కీన్ ఛైర్మన్, లీ హామిల్టన్ వైస్ ఛైర్మన్. రిపబ్లికన్, డెమొక్రటిక్ పార్టీల నుంచి ఐదుగురేసి సభ్యులు. 1,200 మందికి పైగా మాట్లాడించి, 25 లక్షల పేజీలు తిరగేసి 2004 జులైలో బయటపెట్టారు. ఇంత సరుకున్నా సర్కారు భాష వాసన లేదు. మొదటి అధ్యాయం పట్టుకుంటే వదలబుద్ధి కాదు.

నేను పెట్టిన డబ్బుకి మాత్రం తొమ్మిదో అధ్యాయం ఒక్కటే చాలు. ఉదయం 8:46కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌ని విమానం గుద్దింది. పది పదకొండు నిమిషాల్లోనే ఫైర్ అధికారులు రెండు టవర్లూ ఖాళీ చేయించాలన్నారు. ఆ మాట 911 ఆపరేటర్లకి చేరలేదు. వాళ్లు మామూలు రూల్ ప్రకారం ఉన్నచోటే ఉండమని, సిబ్బంది వస్తారని చెబుతూ పోయారు. పైకప్పు నుంచి హెలికాప్టర్లతో దింపే వీలు లేదన్న సంగతీ వాళ్లకి తెలియదు.

ఒక కాల్ దగ్గర పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను. 9:37కి దక్షిణ టవర్ 106వ అంతస్తు నుంచి ఒకరు ఫోన్ చేసి, కింద తొంభై ఎంతో అంతస్తు కూలుతోందన్నారు. అది చేతులు మారి పోలీసు రేడియోలో వచ్చేసరికి 9:52. అప్పటికి 106వ అంతస్తే కూలుతోందని అయిపోయింది. 9:59కి టవర్ మొత్తం నేలకూలింది. ఒకే కాల్‌లో రెండు అంతస్తుల నంబర్లు వింటే తడబడడం ఎంత తేలికో నా సీట్లో కూర్చున్నవాళ్లకి తెలుసు. నివేదిక ఆ ఆపరేటర్‌ని బోనెక్కించదు. మాట ఎవరి నుంచి ఎవరికి వెళ్లి, ఎక్కడ వంకర తిరిగిందో నిమిషాలతో సహా చూపిస్తుంది. నేను పనిచేసిన చోట ఏం జరిగినా ముందు అడిగేది కాల్ ఎవరు తీసుకున్నారనే. అందుకే ఈ పేజీలు చదువుతుంటే గుండె బరువు కొంత దిగింది.

రేడియో రిపీటర్, అంటే ఎత్తైన భవనంలో సిబ్బంది రేడియో సిగ్నల్‌ని బలపరిచే పరికరం, దాని సంగతీ అంతే. రెండు బటన్లు నొక్కాల్సిన చోట ఒక్కటే నొక్కారు. ఉత్తర టవర్ లాబీలోని అధికారులు అది పనిచేయడం లేదనుకున్నారు.

లోపాలూ ఉన్నాయి. వ్యక్తుల మీద నింద వేయడం తమ ఉద్దేశం కాదని ముందుమాటలోనే చెప్పేశారు. ఆపరేటర్ విషయంలో అది న్యాయమే. పై కుర్చీల్లో ఉన్నవాళ్లకీ అదే కొలత వాడడం నాకు మింగుడుపడలేదు. 41 సిఫార్సుల్లో అత్యవసర సిబ్బంది వంతుకి వచ్చినవి కొద్దే. వెనక వంద పేజీలకు పైగా సన్నక్షరాల నోట్సు; ముఖ్యమైన వివరాలు కొన్ని అందులోనే దాగున్నాయి. నా ప్రతికి పదసూచిక లేదు, వెతుక్కోవడం నరకం.

ఐదుకి నాలుగు. కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు తొమ్మిదో అధ్యాయం ప్రింట్ తీసి ఇస్తున్నాను, నోట్సుతో సహా.