లూజింగ్ ట్రిక్ కౌంట్: రాణికి అంత పెద్ద పీటా?

బ్రిడ్జ్‌లో మన చేతిలో పోయే ట్రిక్కులను లెక్కపెట్టి బిడ్ ఎంత దాకా వేయాలో చెప్పే లూజింగ్ ట్రిక్ కౌంట్‌తో నా పేచీ ఒక్కటే. రాణికి ఆసుతో సమానంగా పీట వేస్తుంది. మిగతా లోపాలతో సర్దుకుపోవచ్చు, ఇది మాత్రం గేమ్ (ఇస్పేటు, ఆటీన్లలో 10 ట్రిక్కుల బిడ్) బోర్డుల్లో నిలువునా ముంచుతుంది. అయినా ఆ లెక్కను వదల్లేదు, మరమ్మతు చేసుకుని వాడుతున్నాను. స్ప్లింటర్, లిమిట్ రెయిజ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

గుర్తుకోసం పద్ధతి క్లుప్తంగా. ప్రతి సూట్‌లోనూ మొదటి మూడు ముక్కల వరకే చూస్తాం. ఆసు, రాజు, రాణిలో ఏది లేకపోతే అది ఒక లూజర్. డబుల్టన్‌లో (రెండే ముక్కలు) ఆసు, రాజు మాత్రమే చూస్తాం, సింగిల్టన్‌లో (ఒక్క ముక్క) ఆసు ఒక్కటే, వాయిడ్‌కి (ఆ సూట్ అసలు లేకపోతే) సున్నా. తురుపులో ఇద్దరికీ కలిపి 8 ముక్కల ఫిట్ ఖాయమయ్యాక ఇద్దరి లూజర్లూ కలిపి 24లోంచి తీసేస్తే వచ్చే ట్రిక్కులు తెలుస్తాయి. మినిమమ్ ఓపెనింగ్ 7, సింగిల్ రెయిజ్ 9, లిమిట్ రెయిజ్ (గేమ్‌కి ఆహ్వానం) 8, గేమ్‌కి పోవాల్సిన రెస్పాన్స్ 7. డడ్లీ కోర్ట్‌నీ 1930ల్లో దీన్ని ప్రచారంలోకి తెచ్చిన నాటి నుంచీ అంకెలు ఇవే.

ముందు మంచి చెప్పుకోవాలి. ఫిట్ దొరికాక ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున వేసే పాయింట్లు చూడలేనివి ఇది చూస్తుంది. పార్ట్‌నర్ ఒక ఆటీను తెరిచాడు, మన చేతిలో ఇవి ఉన్నాయి:

ఇస్పేటు 5
ఆటీను రాజు రాణి 7 4
డైమండ్ ఆసు 8 6 3 2
కళావరు 9 4 2

పాయింట్లు 9. పాయింట్లనే నమ్ముకున్నవాళ్లు ఇన్విటేషన్ దగ్గర ఆగిపోతారు. లూజర్లు ఇస్పేటులో 1, ఆటీనులో 1, డైమండ్‌లో 2, కళావరులో 3, మొత్తం 7. అంటే గేమ్. ఎదుట ఇస్పేటు ఆసు 8 4 2, ఆటీను ఆసు జాకీ 9 6 3, డైమండ్ రాజు 5, కళావరు 8 6 అనుకోండి. 12 పాయింట్ల మామూలు ఓపెనింగ్, అదీ 7 లూజర్లే. రెండు చేతుల్లోనూ కలిపి 21 పాయింట్లే ఉన్నాయి కానీ 4 ఆటీన్లకు ఢోకా లేదు. చేతిలో 5 తురుపులు, ఇస్పేటు ఆసు, డైమండ్ ఆసు, రాజు, డమ్మీలో (టేబుల్ మీద పరిచిన చేతిలో) రెండు ఇస్పేటు రఫ్‌లు (తురుపుతో కోయడాలు) కలిపితే 10. ప్రత్యర్థులు తురుపు లీడ్ చేసినా రఫ్‌లకు సరిపడా ముక్కలు డమ్మీలో మిగులుతాయి. ఇలాంటి బోర్డు ఒకటి తగిలితే ఎవరైనా ఈ పద్ధతి ప్రేమలో పడిపోతారు.

ఇప్పుడు నా పేచీకి వద్దాం. పార్ట్‌నర్ ఒక ఇస్పేటు తెరిచాడు, మనకు వచ్చిన ముక్కలు:

ఇస్పేటు రాణి 9 7 5
ఆటీను రాణి 8 6 2
డైమండ్ రాణి 7 5 3
కళావరు 4

మూడు సూట్లలో రెండేసి, కళావరులో ఒకటి. మళ్లీ 7 లూజర్లే. అక్షరాలా నమ్మితే ఇది 4 కళావర్ల స్ప్లింటర్ (తురుపు ఫిట్ ఉంది, కళావరు పొట్టి, గేమ్‌కి పోదాం అని చెప్పే బిడ్) వేయదగ్గ చెయ్యి. ఉన్న పాయింట్లు 6! అనుభవం ఉన్నవాళ్లు దీన్ని 2 ఇస్పేట్లు అని ఊరుకుంటారు, నిజమే. కానీ వాళ్లను ఆపేది అనుభవం, లెక్క కాదు. లెక్క గేమ్‌కి పొమ్మనే చెబుతోంది. ఓపెనర్ దగ్గర ఇవి ఉన్నాయి:

ఇస్పేటు ఆసు రాజు 8 6 3
ఆటీను జాకీ 5 4
డైమండ్ 9 6
కళావరు ఆసు రాణి 3

లూజర్లు వరసగా 1, 3, 2, 1, మొత్తం 7. 24లోంచి 14 తీసేస్తే 10. టేబుల్ మీద మాత్రం ఆటీను ఆసు, రాజు, డైమండ్ ఆసు, రాజు నాలుగూ ప్రత్యర్థుల దగ్గరే ఉన్నాయి. నాలుగు ట్రిక్కులు పోక తప్పదు. తురుపు ఎలా విడినా, కళావరు ఫినెస్ (రాజు అనుకూలమైన చేతిలో ఉందని ఆశపడి రాణి వేయడం) పనిచేసినా ఒకటి డౌనే. 9 కూడా ఊరికే రావు. ఆటీను మనమే కదపాల్సి వస్తే అక్కడ మూడోది కూడా పోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఆ చేతిలోనే ఆటీను రాణి తీసి ఆసు పెట్టండి, డైమండ్ రాణి తీసి ఆసు పెట్టండి. లూజర్లు ఎన్ని? మళ్లీ 7. పాత లెక్క ప్రకారం చెయ్యి రవ్వంత కూడా మెరుగుపడలేదు. అదే ఓపెనర్ ఎదుట ఈసారి 5 తురుపులు, రెండు కళావరు రఫ్‌లు, మూడు ఆసులు, మొత్తం 10. రెండు చేతులకీ లెక్క ఒకటే, ఫలితాలు మాత్రం ఒక ట్రిక్కు తేడాతో గేమ్‌కి అటొకటి, ఇటొకటి.

కారణం సులువే. ఆసు ఎక్కడున్నా ట్రిక్కే. రాణికి తోడు కావాలి, పార్ట్‌నర్ దగ్గర ఆసో రాజో ఉంటేనే అది లెక్కకు వస్తుంది. పైచేతిలో ఇస్పేటు రాణి ఆసు-రాజులకు ఎదురుపడి పూర్తిగా పనికొచ్చింది. డైమండ్ రాణి 9 6కి ఎదురుపడి మూలన కూర్చుంది. ఆటీను రాణి జాకీకి ఎదురైనా ఆసు, రాజు ఇద్దరూ అవతల ఉన్నాక అది ఆపేదేమీ లేదు. బిడ్ వేసే వేళకు ఏ రాణికి తోడు దొరుకుతుందో మనకు తెలియదు, అయినా మూడింటికీ పూర్తి విలువ కట్టేశాం.

ఈ లోపం మీదే 2003లో యోహానెస్ కూల్మన్ కొత్త లూజింగ్ ట్రిక్ కౌంట్ తెచ్చాడు. లేని ఆసుకు 1.5, లేని రాజుకు 1, లేని రాణికి 0.5. మొత్తాన్ని 25లోంచి తీసెయ్యాలి. రాణుల చెయ్యి ఇందులో 2.5, 2.5, 2.5, 1.5 కలిపి 9. ఓపెనర్‌ది 0.5, 3, 2.5, 1 కలిపి 7. 25లోంచి 16 పోతే 9 ట్రిక్కులు, టేబుల్ మీద జరిగేది అదే. ఆసులు పెట్టిన చెయ్యి 7 అవుతుంది, ట్రిక్కులు 11 అంటుంది. అక్కడ కాస్త ఎక్కువే చెప్పింది, ఆ సంగతి తరవాత.

చెప్పుకోవడానికి బాగానే ఉంది కానీ టేబుల్ దగ్గర అరలు, ఒకటిన్నరలు కూడుతూ కూర్చోవడం చిరాకు. బిడ్డింగ్ జరుగుతుండగా కాగితం మీద లెక్క వేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. సేపు తీసుకుని 3 ఇస్పేట్లు వేస్తే ఆ ఆలస్యమే పార్ట్‌నర్‌కి సమాచారం. దాన్ని వాడుకుని అతను 4 వేస్తే డైరెక్టర్‌ని పిలుస్తారు. కాబట్టి లెక్క త్వరగా తేలాలి.

వాడగా వాడగా తేలిన ఆనందం ఇక్కడుంది. పాత లెక్కకు ఒక చిన్న సవరణ చాలాకాలంగా వాడుకలో ఉంది. ఆసుల కంటే రాణులు ఎన్ని ఎక్కువుంటే అన్ని అరలు కలుపు, ఆసులు ఎక్కువైతే అన్ని అరలు తీసెయ్యి. దీన్నీ కొత్త పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకటే. రాణుల చెయ్యి: 7, రాణులు మూడు, ఆసుల్లేవు, ఒకటిన్నర కలిపితే 8.5. ఓపెనర్‌కి ఆసులు రెండు, రాణి ఒకటి, 7లోంచి అర పోగా 6.5. మొత్తం 15, 24లోంచి తీస్తే 9. కొత్త పద్ధతి ఇచ్చిన జవాబే, పావు వంతు శ్రమతో.

తేడా ఎక్కడ వస్తుందంటే పొట్టి సూట్ల దగ్గర. కొత్త పద్ధతిలో ప్రతి డబుల్టన్‌కీ, సింగిల్టన్‌కీ అదనంగా అర పడుతుంది, వాయిడ్‌కి పడదు. చేతికి ఒక్కో పొట్టి సూట్ ఉంటుందన్న లెక్కన 24 కాస్తా 25 అయింది. 5-3-3-2, 5-4-3-1, 4-4-4-1 చేతులకు అందుకే రెండు లెక్కలూ అచ్చంగా కలుస్తాయి. 5-4-2-2లో రెండు డబుల్టన్లున్నాయి గనక సవరించిన అంకెకు ఇంకో అర కలపాలి. పైన 4 ఆటీన్ల ఓపెనర్ అలాంటివాడే. 7లోంచి రెండు ఆసులకు 1 పోయి 6, అర కలిపితే 6.5. రెస్పాండర్‌కి ఆసు ఒకటి, రాణి ఒకటి గనక 7లో మార్పులేదు. 24లోంచి 13.5 పోతే 10.5. 4-3-3-3 దగ్గర కొత్త పద్ధతి అర తగ్గించమంటుంది. ఆ తగ్గింపు నేను తీసుకోను. రఫ్ చేయడానికే దిక్కులేని చేతికి రాయితీ ఎందుకు? ఇంకో జాగ్రత్త: డబుల్టన్‌లోనో సింగిల్టన్‌లోనో ఉన్న రాణిని సవరణలో లెక్కపెట్టకూడదు. మొదటి లెక్కలోనే దానికి విలువ ఇవ్వలేదు.

ఇంతవరకూ పొగిడినదాన్ని కొంచెం కుదించాలి. సవరించిన లెక్క కూడా గుడ్డిదే, ఎందుకంటే ఏ సూట్‌కి ఏ సూట్ ఎదురుపడుతుందో దానికి కనిపించదు. మన సింగిల్టన్ కళావరు ఎదుట పార్ట్‌నర్ దగ్గర రాజు జాకీ 3 ఉంటే ఆ నాలుగు పాయింట్లూ దాదాపు వృథా. 8 6 3 ఉంటే స్వర్గం. ఆసులు పెట్టిన చేతికి 11 ట్రిక్కులు చెప్పి 10 దగ్గర ఆగడానికి కారణం అదే: ఓపెనర్ కళావరు రాణి సింగిల్టన్‌కి ఎదురుపడి లెక్కలో తగ్గించిన లూజర్‌కి బదులేమీ తేలేదు. స్ప్లింటర్‌కి జవాబిచ్చేటప్పుడు ఆ సూట్‌లో ఆసు తప్ప రాజు, రాణి, జాకీలను సున్నాగా చూడండి. అప్పుడు ఓపెనర్ కళావరు ఆసు రాణి 3 అనేది ఉత్త ఆసు, రెండు చిన్న ముక్కల కింద జమ. లూజర్ అంకె చూసి స్లామ్‌కి (12, 13 ట్రిక్కుల బిడ్) పరుగెత్తేవాళ్లు ముంచుకునేది ఎక్కువగా ఇక్కడే. ఆ లెవెల్లో లూజర్ లెక్క ఊరికే తలుపు తడుతుంది, లోపలికి వెళ్లాలా వద్దా అన్నది ఆసులు, రాజుల ఆచూకీ తీసే క్యూ బిడ్లు, కీకార్డ్ బ్లాక్‌వుడ్ తేల్చాలి.

నో ట్రంప్‌కి (తురుపు లేని ఆట) ఇది పనికిరాదు, ఫిట్ తేలకముందూ పనికిరాదు. ప్రత్యర్థులు దూరి 3 లెవెల్‌కి లాగినప్పుడు నేను దీన్ని పక్కన పెట్టి తురుపు ముక్కలే లెక్కపెట్టుకుంటాను. 9 ముక్కల ఫిట్ ఉంటే 3 లెవెల్ దాకా పోటీ పడటం, 8 అయితే ఆగడం.

అసలు తగువు 9.5 దగ్గర వస్తుంది. లెక్క అర దగ్గర ఆగితే ఏం చేయాలన్నది ఆట రకాన్ని బట్టి ఉంటుంది. టీమ్స్‌లో వల్నరబుల్ (గేమ్ బోనస్, డౌన్ జరిమానా రెండూ ఎక్కువుండే స్థితి) అయితే మేజర్ (ఇస్పేటు, ఆటీను) గేమ్ చేస్తే 620, ఆగి 10 ట్రిక్కులు చేస్తే 170, తేడా 450, అంటే 10 ఇంప్స్ (టీమ్స్‌లో స్కోరు తేడాను మార్చి ఇచ్చే పాయింట్లు) లాభం. డౌన్ అయితే మైనస్ 100, ఆగినవాళ్లకు 140, తేడా 240, నష్టం 6 ఇంప్స్. 16కి 6 అంటే 37.5 శాతం అవకాశం చాలు. నాన్ వల్నరబుల్‌లో లాభం 6, నష్టం 5, కాబట్టి 45 శాతం కావాలి. పెయిర్స్‌లో సగానికి సగం. అందుకే 9.5 వస్తే వల్నరబుల్ టీమ్స్‌లో వేసేస్తాను, పెయిర్స్‌లో ఆగుతాను. నాన్ వల్నరబుల్ టీమ్స్‌లో పదులు, తొమ్మిదులు చూస్తాను. ఏ లెక్కలోనూ వీటికి చోటు లేదు గానీ తోడులేని రాణిని బతికించేవి ఇవే. రాణి 10 9 వేరు, రాణి 6 2 వేరు.

తీర్పు అడిగితే, అది మీ పార్ట్‌నర్‌ని బట్టి ఉంటుంది. నాకు స్థిరమైన పార్ట్‌నర్ ఉన్నారు, ఓపెనింగ్ అంటే 7 లూజర్లని ఇద్దరికీ ఒప్పందం, ఆడేది ఎక్కువగా టీమ్స్. ఆ పరిస్థితిలో సవరించిన పాత లెక్క చాలు, కొత్త పద్ధతి నేర్చుకోవాలని లేదు. ఆన్‌లైన్‌లో ముక్కూముఖం తెలియనివాళ్లతో కూర్చునేవాళ్లకు నేనైతే ఇది సిఫారసు చేయను. అవతలివాళ్లు రాణులు, జాకీలతో 12 పాయింట్లు పోగేసి తెరుస్తుంటే 7 అనే ఊహే కూలిపోతుంది. అక్కడ పాయింట్లకే కట్టుబడి, ఫిట్ తేలాక సింగిల్టన్‌కి 3, డబుల్టన్‌కి 1 కలుపుకోవడం క్షేమం. సవరణ వాడాలనుకునేవాళ్లు మాత్రం పార్ట్‌నర్‌తో ముందే ఒకటి తేల్చుకోండి: 8.5 వస్తే 2 లెవెల్లో రెయిజా, లిమిట్ రెయిజా? మా ఒప్పందం తురుపులు మూడైతే 2, నాలుగైతే 3.