గవర్నర్‌పేటలో "సీల్డ్ పీస్" హార్డ్ డిస్కులు కొనేవాళ్లూ, జాగ్రత్త!

షాపు పేరు రాయను. బెజవాడలో నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) పెట్టుకున్న ఫొటో స్టూడియోల వాళ్లకి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాలుగు 4 టీబీ డిస్కుల రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా అన్నీ కలిపి వాడే పద్ధతి) ఒకటి పోయింది. బదులుగా సీగేట్ ఎక్సోస్ (సర్వర్ల కోసం చేసే డిస్కు) ఒకటి "సీల్డ్ పీస్ సార్" అని అంటగట్టారు. రీబిల్డ్ (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడం) సగంలో అదీ చచ్చింది.

స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) పవర్ ఆన్ అవర్స్, అంటే నడిచిన గంటలు, 6. అబ్బో, కొత్త పెళ్లికూతురే! అదే డిస్కు ఫార్మ్ లాగ్ (సీగేట్ డిస్కులో విడిగా ఉండే ఇంకో లెక్క) తీస్తే 21 వేల పైచిలుకు గంటలు, అంటే రెండేళ్లకు పైగా ఏదో సర్వర్లో అరిగిన సరుకు. స్మార్ట్ లెక్క చెరిపేశారు, ఫార్మ్ లెక్క అలాగే ఉండిపోయింది. 2025 మొదట్లో యూరప్‌లో బయటపడ్డ బాగోతం ఇదే.

అప్పటికీ డేటా పోలేదు. మిగతా మూడు డిస్కుల మీద ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి. వారంటీ చూస్తానని షాపు నుంచి వచ్చిన కుర్రాడు రిపేర్ మెనూ వదిలేసి కొత్త పూల్ (డిస్కుల్ని కలిపి మళ్లీ మొదటి నుంచి కట్టే) మెనూలోకి వెళ్లాడు. "డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది" అని హెచ్చరిక వస్తే చదవకుండా ఓకే కొట్టాడు. "ఆగు బాబూ" అనేలోపే రెండో ఓకే. ఓనరుకి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "రెయిడ్ ఉందిగా అండీ, డేటా దానంతటదే వస్తుంది. రాలేదంటే మీ కరెంటు ప్రాబ్లం." నాస్‌లు అమ్మే మనిషి మాట ఇది! ఒక డిస్కు చస్తే మిగతా వాటి నుంచి లెక్కగట్టి ఇస్తుంది రెయిడ్ 5, అంతే. ఫార్మాట్ కొడితే ఉన్న డిస్కులన్నిటి మీదా బుద్ధిగా ఫార్మాటే చేస్తుంది. బ్యాకప్‌కి ఎక్కని పెళ్లిళ్ల ఫుటేజీ అంతా పోయింది.

ఇలా జరిగితే వెంటనే నాస్ ఆపేయండి, కొత్త పూల్ సింక్ (డిస్కుల మీద కొత్తగా రాసుకుంటూ పోవడం) సాగేకొద్దీ పాతది చెరుగుతూనే ఉంటుంది. స్లాట్ నంబర్లు డిస్కుల మీద రాసి, ఒక్కోదానికీ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ఇమేజ్ (డిస్కు మొత్తానికీ అచ్చు కాపీ) తీశాకే రికవరీ ప్రయత్నాలు.

కొనేటప్పుడు స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్రోగ్రాం 7.4 వెర్షన్ గానీ ఆపైది గానీ వేసుకుని ఫార్మ్ గంటలు, స్మార్ట్ గంటలు పక్కపక్కన పెట్టి చూడండి. డిస్కంతా చదివి చూసే ఎక్స్‌టెండెడ్ టెస్ట్ అయ్యాకే రెయిడ్‌లో పెట్టండి, ఒక రాత్రి పడుతుంది. సీరియల్ నంబర్ని కౌంటర్ దగ్గరే సీగేట్ వారంటీ పేజీలో కొట్టి చూసి, అదే నంబర్ బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనకండి.