అల్లూరు బుద్ధుడి దగ్గర మా మామయ్య

విజయవాడ వెళ్లినవాళ్లు అమ్మవారి దర్శనం చేసుకుని, బ్యారేజీ మీద ఫొటోలు దిగి బస్సెక్కేస్తారు. బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి ఒక పూట ఉంచుకోండి. నిజంగా చెబుతున్నా.

పోయిన నెల ఒక గురువారం మామయ్యతో వెళ్లాను. ఆయన నలభై ఏళ్లు తాపీ పని చేసిన మనిషి. ముందు రోజు రాత్రి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ఏసీ రూమని డబ్బు కట్టించుకున్నారు, ఏసీ పనిచేయలేదు. తెల్లారేదాకా ఇద్దరికీ నిద్ర లేదు. మీరు మాత్రం రూమ్ చూసుకున్నాకే డబ్బు కట్టండి.

విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరుతో మ్యూజియం భవనానికి 1887లో శంకుస్థాపన చేసింది అప్పటి కృష్ణా కలెక్టర్ రాబర్ట్ సెవెల్. అంతకు పదేళ్ల ముందు అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించింది కూడా ఆయనే. బొమ్మల బాపు గారి పేరు పెట్టిన ఈ మ్యూజియాన్ని 2020లో కొత్త హంగులతో తెరిచారు. నాణేలు, కత్తులు, డాళ్లు అన్నీ ఉన్నాయి. వాటిని త్వరగానే చూసేశాం.

అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధుడి దగ్గరే ఆగిపోయాం. క్రీ.శ. 3-4 శతాబ్దాల నాటిదని చెబుతారు. తెల్లటి రాయి. ఒంటికి అంటుకున్నట్టున్న వస్త్రం మీద సన్నటి మడతలు, గీత తర్వాత గీత, కిందికి జారుతుంటాయి. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని, మెడ వంచి ఆ గీతల్నే చూస్తున్నాడు.

"ఇది మన పల్నాటి సున్నపురాయిరా అల్లుడూ. ఈ రాయినేగా పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చి సున్నం చేసేది! దీంట్లో ఇంత సన్నటి గీత తీసి, అంచు పెచ్చు లేవకుండా ఆపాడంటే ఆ చెయ్యి ఎలాంటిదో!"

అమరావతి పాలరాయి అని అందరూ అనేది ఈ సున్నపురాయినే. ఆ స్తూపం శిల్పాలు చాలావరకు మద్రాసుకీ లండన్‌కీ వెళ్లిపోయాయని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిగిలినవైనా చూద్దాం పద" అన్నాడు.

అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుకని గవర్నర్‌పేటలో శుభ్రమైన చిన్న రూమ్ చూసుకుని, ఇంకో రోజు ఉండిపోయాం. శనివారం పొద్దున్నే అమరావతి బస్సులో కిటికీ పక్క సీటు మామయ్యకే ఇచ్చాను.