స్ట్రిప్పా, ల్యాబా? ఓపియాయిడ్ చికిత్సలో ఏ పరీక్ష మేలు?

“ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్ సరిపోతుందా, ల్యాబ్‌కి పంపితేనే నమ్మాలా?” డీఅడిక్షన్ క్లినిక్‌లో కౌన్సెలర్‌గా ఉన్నాక ఈ ప్రశ్న వినని వారం ఉండదు. అడిగేవాళ్లలో చాలామందికి ఖర్చు, టైమ్ గురించే టెన్షన్. మూత్రంలో ముంచి మత్తుమందు జాడ చూసే స్ట్రిప్ చవక, నిమిషాల్లో తేలిపోతుంది. ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమెట్రీ (ఒక్కో మందునూ విడిగా గుర్తుపట్టే పరీక్ష) అంటే రోజులు ఆగాలి, డబ్బూ ఎక్కువే, అన్ని ఊళ్లలో దొరకదు కూడా. ఇవన్నీ సరే. నేను మాత్రం ముందు ఒకటి అడుగుతాను: మీరు ఏ మందు కోసం వెతుకుతున్నారు?

కిట్ మీద ‘ఓపియేట్స్’ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని ఓపియాయిడ్లూ (నల్లమందు తరహా నొప్పి, మత్తు మందులు) దొరకవు. అది ముఖ్యంగా మార్ఫిన్, కోడీన్ కోసం చేసినది. హెరాయిన్ ఒంట్లో మార్ఫిన్‌గా మారుతుంది కాబట్టి అదీ బయటపడుతుంది. నొప్పి మాత్ర ట్రమడాల్ బయటపడదు. ఫెంటానిల్, చికిత్సలో ఇచ్చే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ కూడా అంతే, వాటికి విడిగా స్ట్రిప్పులు ఉండాలి. మన దేశంలో ట్రమడాల్ దుర్వినియోగం ముదిరి, 2018లో దాన్ని ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల నియంత్రణ చట్టం) కిందకి తెచ్చారు. అలాంటి ట్రమడాల్ మింగే కుర్రాడికి ఓపియేట్ స్ట్రిప్ పెట్టి, నెగటివ్ వచ్చిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. వాడూ పీల్చుకుంటాడు.

పైగా చదవడంలోనే తప్పు జరుగుతుంది. ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండు గీతలంటే పాజిటివ్ కదా, ఇక్కడ తిరగేసి చూడాలి. రెండు గీతలు వస్తే నెగటివ్, రెండో గీత ఎంత పలచగా ఉన్నా నెగటివే. ఆ పలచని గీత చూసి కొడుకును నిలదీసిన తండ్రులున్నారు.

ఉత్తపుణ్యానికి పాజిటివ్ రావడమూ ఉంది. గసగసాల్లో కొద్దిగా మార్ఫిన్ ఉంటుంది. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల పరీక్షల్లో ఓపియేట్ హద్దును (పాజిటివ్ అనడానికి మూత్రంలో ఉండాల్సిన కనీస మోతాదును) 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచడానికి పెద్ద కారణం ఈ గసగసాలే. 300 హద్దు కిట్లు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆదివారం మసాలా కూరలో గసగసాలు దండిగా పడే ఇళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా కొన్ని కిట్లను తప్పుదారి పట్టిస్తాయి.

ల్యాబ్ ఇక్కడే గెలుస్తుంది. ఏ మందో పేరుతో సహా చెబుతుంది. దాని అసలు సత్తా ఇంకోచోట చూడాలి. బ్యూప్రెనార్ఫిన్ మీద ఉన్న పేషెంట్ మాత్రలు వాడకుండా బయట అమ్ముకుని, పరీక్ష రోజున చిన్న ముక్క మూత్రం కప్పులో కలుపుతాడు. స్ట్రిప్ పాజిటివ్ అంటుంది, మందు బాగానే వేసుకుంటున్నాడని మనం అనుకుంటాం. ల్యాబ్ రిపోర్టులో బ్యూప్రెనార్ఫిన్ బోలెడు ఉంటుంది, నార్‌బ్యూప్రెనార్ఫిన్ మాత్రం ఉండదు. మందు ఒంట్లోకి వెళ్లాక అది లివర్‌లో తయారవ్వాల్సిందే, కప్పులో తయారవ్వదు.

అయినా నా ఓటు స్ట్రిప్‌కే, అదీ క్లినిక్‌లో చేసినదానికి. ఎందుకంటే పేషెంట్ ఎదురుగా ఉండగానే జవాబు వస్తుంది. స్ట్రిప్ ముంచకముందే అడుగుతాం: “ఈ వారం ఏమైనా వాడావా? ఇందులో ఏం వస్తుందనుకుంటున్నావు?” తిట్టరని నమ్మకం కుదిరితే చాలామంది నిజమే చెప్తారు. మాటా స్ట్రిప్పూ కలిస్తే ల్యాబ్‌తో పనేముంది?

కలవకపోయినా వెంటనే అబద్ధమని తేల్చేయకూడదు. “ఏ మాత్రా వేసుకోలేదు మేడమ్” అని ఒట్టేసే మనిషికి బెంజోడయాజెపైన్ (నిద్ర, ఆందోళన మాత్రల రకం) పరీక్ష పాజిటివ్ వస్తుంది. కల్లు తాగావా అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో ఆ రకానికే చెందిన ఆల్ప్రజోలం, డయాజెపాం కలపడం కొత్త కాదు. ఏం తాగుతున్నాడో అతనికే తెలియదు. బ్యూప్రెనార్ఫిన్‌తో అది కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది కాబట్టి ఆ రోజు నేను వెతికేది ఓపియాయిడ్ కంటే దాన్నే.

అప్పటికీ తేడా తేలకపోతే, ఇంటికిచ్చే మాత్రలు, ఉద్యోగం, కోర్టు లాంటివి దానిమీదే ఆధారపడి ఉంటే ల్యాబ్‌కి పంపాలి. రిపోర్టు వచ్చేదాకా మందు ఆపకూడదు. ఒక్క పాజిటివ్‌కే పేషెంట్‌ను పంపించేసే సెంటర్లున్నాయి, నాకు ఒళ్లు మండేది అక్కడే. మందు ఆగినవాడు మళ్లీ పాత డోసే తీసుకుంటాడు, ఒంటికి ఆ అలవాటు తగ్గి ఉంటుంది, ప్రాణం పోతుంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022 మార్గదర్శకాల్లోనూ పరీక్ష ఫలితం చూసి పేషెంట్‌ను వదిలేయొద్దనే ఉంది.

ఓపియాయిడ్ల పనిని అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఓపియేట్ స్ట్రిప్ ఒక్కటే నమ్మొద్దు. కనీసం వారం, పది రోజులు ఏ ఓపియాయిడూ వాడి ఉండకూడదు; మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అయితే రెండు వారాల దాకా ఆగాల్సి రావచ్చు. ట్రమడాల్, బ్యూప్రెనార్ఫిన్ కూడా చూడకుండా ఇస్తే విత్‌డ్రాయల్ (మందు ఆగితే వచ్చే బాధలు) ఒక్కసారిగా విరుచుకుపడుతుంది.

ఉమ్మి పరీక్షలో మోసం చేయడం కష్టం, కానీ ఒకటి రెండు రోజులకు మించి వెనక్కి చూడలేదు. వెంట్రుక మూడు నెలల కథ చెబుతుంది, నిన్నటిది చెప్పదు. చికిత్సకు దాంతో పెద్దగా పని లేదు.

ఇక ఇంట్లో కిట్ ఇప్పటికే కొని ఉంటే క్లినిక్‌కి తీసుకురండి. ఎక్స్‌పైరీ ఎప్పుడో, ఏయే మందులు పడుతుందో, హద్దు ఎంతో చూసి చెప్తాం. బాత్రూమ్ తలుపు దగ్గర కాపలా కాసే పని మీకెందుకు?